మెయిన్ బస్సును అందించలేని వ్యాన్: ఒక ఆన్-డిమాండ్ సర్వీసు కేస్ స్టడీ

ఫోన్ చేస్తేనో యాప్‌లో అడిగితేనో వచ్చి, దారిలో ఇంకొందరిని ఎక్కించుకుని వెళ్లే చిన్న వ్యాన్ల సర్వీసులు ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. పెద్ద బస్సు ఖాళీగా తిరిగే చోట్ల, రాత్రి వేళల్లో, ఇళ్లు దూరదూరంగా ఉన్న శివార్లలో రెగ్యులర్ బస్సులకు తోడుగా వీటిని పెడుతుంటారు. నేను ప్రజా రవాణా ప్లానింగ్‌లో పని చేస్తాను. అలాంటి ఒక సర్వీసు ఇబ్బందుల్లో పడినప్పుడు దాన్ని సరిచేసే పని మా టీమ్‌కి వచ్చింది. అక్కడ వ్యాన్లు బాగానే ఉన్నాయి, డ్రైవర్లు ఒళ్లు దాచుకోకుండా పని చేస్తున్నారు, యాప్ కూడా చేయాల్సిన పనే చేస్తోంది. అయినా జనానికి సిటీకి వెళ్లే మెయిన్ బస్సు అందడం లేదు. కారణం వెతుకుతూ వెళితే, మొదట్లో ఎవరూ తేల్చుకోని ఒక ప్రశ్న దగ్గర ఆగాం: ఈ సర్వీసులో ఏది మారవచ్చు, ఏది మారకూడదు? ఈ కేసు రాయడం అందుకే. ఊరినీ సంస్థలనూ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

నగరం అంచున ముక్కలు ముక్కలుగా పెరిగిన నివాస ప్రాంతం అది. వీధులు చాలావరకు ఒక చివర మూసుకుపోయినవే. లోపలికి వెళ్లిన బస్సు మళ్లీ అదే దారిన వెనక్కి రావాల్సిందే. ఆ ఇళ్ల మధ్య ఒక ఆసుపత్రి, ఒక పక్క గోడౌన్లు, ఇంకో పక్క కాలేజీ. ప్రాంతం మొదట్లో ఒక చిన్న బస్ స్టేషన్. అక్కడి నుంచి సిటీలోకి మెయిన్ లైన్ బస్సు పగలు అరగంటకొకటి, రాత్రి గంటకొకటి.

అంతకుముందు ఈ ప్రాంతమంతటినీ ఒకే బస్సు చుట్టి వచ్చేది. గంటకొకసారి, ఒకే దిశలో. ఇలాంటి రూటు మ్యాప్ మీద బాగుంటుంది, తక్కువ ఖర్చుతో అన్ని వీధులకూ బస్సు వేసినట్టు కనిపిస్తుంది. ఎక్కేవాళ్ల సంగతి వేరు. వెళ్లేటప్పుడు పది నిమిషాలు పట్టిన దూరానికి, వచ్చేటప్పుడు చుట్టంతా తిరిగి నలభై నిమిషాలు పడుతుంది. కార్లున్నవాళ్లు ఆ బస్సును ఎప్పుడో వదిలేశారు. వేరే దారి లేనివాళ్లే మిగిలారు: వయసు పైబడినవాళ్లు, రాత్రి షిఫ్టుకి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు.

ఆ బస్సు తీసేసి, దాని డబ్బుతో మూడు వ్యాన్లు పెట్టాలని రవాణా సంస్థ నిర్ణయించింది. జోన్‌లో, అంటే ఈ నివాస ప్రాంతంలో, ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎప్పుడైనా అడగవచ్చు. నడపడం ఒక ప్రైవేట్ ఆపరేటర్‌కి ఇచ్చారు, పూర్తయిన ట్రిప్పుకి ఇంత అని చెల్లింపు. ప్రాజెక్టు పత్రంలో మూడు లక్ష్యాలు రాశారు: అన్ని వీధులకూ సర్వీసు అందాలి, ఖర్చు పెరగకూడదు, మెయిన్ లైన్ బస్సుతో కనెక్షన్ ఉండాలి. మూడూ న్యాయమైనవే. కానీ ఒకదానికోసం ఇంకోదాన్ని వదులుకోవాల్సి వస్తే దేన్ని వదలాలో ఎక్కడా రాయలేదు. ఆ తర్వాత వచ్చిన తగాదాలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ రకం సర్వీసు యాప్‌లతో పాటు పుట్టిందని చాలామంది అనుకుంటారు. కెనడాలోని ఒంటారియోలో బే రిడ్జెస్ అనే చోట 1970లోనే ఫోన్ చేస్తే వచ్చే డయల్-ఎ-బస్ నడిచింది. దాని ముఖ్యమైన పని ఇళ్ల దగ్గర జనాన్ని ఎక్కించుకుని రైలు వేళకి స్టేషన్‌కి చేర్చడం. మరుసటి ఏడాది అదే దేశంలోని రెజైనా నగరంలో టెలిబస్ వచ్చింది, అదీ మెయిన్ లైన్ బస్సులకు జనాన్ని అందించడానికే. ఆ పాత సర్వీసుల్లో వ్యాన్ ఏ వీధిలో తిరగాలన్నది రోజూ మారేది. ఎన్ని గంటలకి ఎక్కడికి చేరాలన్నది మాత్రం మారేది కాదు. ఫోన్ పక్కన కాగితాలు పెట్టుకుని పని చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. కంప్యూటర్లు వచ్చి ఎక్కడి నుంచి ఎక్కడికైనా దారి లెక్కగట్టడం సులువయ్యాక, ఆ కట్టుబాటు అక్కర్లేదన్నట్టు వదిలేశాం.

వచ్చిన సమస్య

మమ్మల్ని పిలిచేసరికి సర్వీసు మొదలై ఏడాది దాటింది. నెలవారీ రిపోర్టులో సగటు వెయిటింగ్ టైమ్ బాగానే ఉంది. ప్రయాణికుల సంఖ్య పాత బస్సు కంటే ఎక్కువ. మరోపక్క ఫిర్యాదులు ఆగడం లేదు. వ్యాన్ చాలాసేపటికి గానీ రాదని కొందరు, అసలు దొరకదని కొందరు, దొరికినా బస్ స్టేషన్‌కి చేరేసరికి మెయిన్ బస్సు వెళ్లిపోతోందని చాలామంది. అంకెలేమో సర్వీసు బాగుందంటున్నాయి, జనమేమో బాగాలేదంటున్నారు. జనం ఊరికే గొణుగుతున్నారని సంస్థలో కొందరి వాదన.

ఇలాంటప్పుడు నేను ముందు చూసేది అంకె ఎలా పుట్టిందన్నది. సగటు వెయిటింగ్ టైమ్‌ని పూర్తయిన ట్రిప్పుల మీద లెక్కిస్తున్నారు. యాప్ తెరిచి, వ్యాన్ రావడానికి యాభై నిమిషాలు పడుతుందని చూసి, మూసేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. అంటే సర్వీసు ఎంత చెడితే అంతమంది లెక్క నుంచి జారిపోతారు, సగటు మాత్రం అలాగే ఉంటుంది. ఫోన్ లైన్‌లో ఎదురుచూసి పెట్టేసినవాళ్లదీ ఇదే పరిస్థితి. కాబట్టి మేం మొదట అడిగింది బుకింగుల లిస్టు కాదు, బుకింగ్‌గా మారని విచారణల లాగ్. ఆపరేటర్ దాన్ని ఇవ్వడానికి కొంత వెనకాడాడు, కాంట్రాక్టులో ఆ మాట లేదన్నాడు. చివరికి ఇచ్చాడు. పొద్దున షిఫ్టులు, కాలేజీలు మొదలయ్యే వేళ, సాయంత్రం అవి వదిలే వేళ, అడిగి వదిలేసినవాళ్లే ఎక్కువగా కనిపించారు.

రెండో పని, వ్యాన్లు బస్ స్టేషన్‌లో ఆగిన సమయాలనూ మెయిన్ బస్సు బయల్దేరిన సమయాలనూ పక్కపక్కన పెట్టి చూడటం. రెండూ జీపీఎస్‌లో నమోదవుతున్నవే. వాటిని కలిపి చూసినవాళ్లే లేరు. ఎందుకంటే వ్యాన్ల డేటా ఒక విభాగానిది, బస్సుల డేటా ఇంకో విభాగానిది. కలిపితే తేలింది ఇది: వ్యాన్ తన హామీ ప్రకారం టైమ్‌కే చేరింది, కానీ బస్సు బయల్దేరిన రెండు మూడు నిమిషాలకు. వ్యాన్ రిపోర్టులో అది విజయం. ప్రయాణికుడికి అరగంట నిరీక్షణ, రాత్రయితే గంట.

షిఫ్టుకి వెళ్లే ఒకాయన మాతో అన్న మాట మా పని దిశను మార్చింది. "లేటైతే పర్లేదండీ, రోజూ ఒకేలా లేటైతే ముందే బయల్దేరతాను. ఇది ఒకరోజు పది నిమిషాలు, ఒకరోజు నలభై. రోజూ టెన్షనే." ఆయన అడుగుతున్నది వేగం కాదు, నమ్మకం. ఈ రెంటినీ ఒకే అంకెతో కొలవలేం.

ప్రయత్నించినవి, పనిచేయనివి

సంస్థ మొదట ఎంచుకున్న మార్గం ఇంకో వ్యాన్ పెట్టడం. ఎవరైనా ముందు ఆలోచించేది అదే. అది నిలబడదని మాకు అనుమానం ఉంది, అయినా పరీక్షగా నడిపి చూద్దామని ఒప్పుకున్నాం. కారణం, వెయిటింగ్ తగ్గితే కొత్త డిమాండ్ ఎంత త్వరగా వస్తుందో తెలుసుకోవాలి. కొన్ని వారాలు బాగుంది. తర్వాత అంతకుముందు నడిచి వెళ్లేవాళ్లు, యాప్ మూసేసినవాళ్లు తిరిగి వచ్చారు, నిరీక్షణ మళ్లీ పాత స్థాయికి చేరింది.

దీని వెనక లెక్క సులువైనదే, కానీ ఈ సర్వీసులు పెట్టేవాళ్లు దాన్ని ముందుగా వేసుకోరు. ఒక ప్రయాణికుడి కోసం వ్యాన్ పక్క వీధిలోకి మళ్లి, ఆగి, ఎక్కించుకుని, మళ్లీ దారికి వచ్చి, చివరికి దింపడానికి అతని వాటాగా పన్నెండు నిమిషాల వ్యాన్ సమయం ఖర్చయిందనుకుందాం. గంటకి ఐదుగురు. పది నిమిషాలకి తగ్గిస్తే ఆరుగురు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా ఇళ్లు చెదురుగా ఉన్న చోట ఈ అంకె పెద్దగా పైకి పోదు. ఫిక్స్‌డ్ రూటు బస్సులో ఒక మనిషి ఎక్కువైతే సీట్లు నిండేదాకా అదనపు ఖర్చు దాదాపు ఉండదు. ఆన్-డిమాండ్ వ్యాన్‌లో ప్రతి కొత్త మనిషీ కొత్త మలుపే, కొత్త ఖర్చే. అందుకే ఈ సర్వీసుకి ఆదరణ పెరిగేకొద్దీ పెట్టేవాడికి భారం పెరుగుతుంది.

ఇది కొత్తగా కనుక్కున్న సంగతి కాదు. అమెరికాలోని శాంటా క్లారా కౌంటీలో 1974లో పెద్ద ఎత్తున డయల్-ఎ-రైడ్ మొదలుపెట్టారు, వచ్చే కాల్స్‌ని తట్టుకోలేక సతమతమయ్యారు, 1975లోనే ఆపేశారు. ఒంటారియోలోని ఇనిస్‌ఫిల్ పట్టణం 2017లో బస్సులు కొనే బదులు ఊబర్ ప్రయాణాలకు సబ్సిడీ ఇచ్చింది. జనం బాగా వాడారు, ఖర్చు పెరిగింది, 2019లో చార్జీ పెంచి ఒక్కొక్కరికి నెలకి 30 ప్రయాణాల పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2012లో మొదలైన కుట్సుప్లస్ అనే ఆన్-డిమాండ్ సర్వీసు 15 మినీబస్సులతో నడిచింది. సాంకేతికంగా అది మెచ్చుకోదగ్గ పని. కానీ అలాంటి సర్వీసు సమర్థంగా పనిచేయాలంటే అంతకు ఎన్నో రెట్ల వాహనాలు కావాలి, ఆ డబ్బు దొరకలేదు, 2015 చివర్లో మూసేశారు. ఈ మూడు ఉదాహరణలూ సంస్థ బోర్డు ముందు పెట్టాం. నాలుగో వ్యాన్ తర్వాత ఐదోది అడుగుతారని, దానికి అంతు లేదని చెప్పడానికి అవి పనికొచ్చాయి.

రెండో ప్రయత్నం సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చడం. ఇలాంటి సిస్టమ్‌లో రెండు మీటలు ముఖ్యం: ప్రయాణికుడు ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు ఆగవచ్చు, ఎక్కాక తన నేరు దారి కంటే ఎంత ఎక్కువ చుట్టు తిరగవచ్చు. చుట్టు తిరుగుడు మీద ఫిర్యాదులు ఉన్నాయి కాబట్టి ఆ పరిమితి బిగించారు. ఎక్కినవాళ్ల ప్రయాణం తొందరగా ముగిసింది. కానీ ఒకరితో ఒకరిని కలపడం తగ్గిపోయింది, వ్యాన్లు ఒక్కొక్కరితో తిరిగే టాక్సీల్లా అయ్యాయి, ఎక్కనివాళ్ల నిరీక్షణ పెరిగింది. తర్వాత దాన్ని వదులు చేసి నిరీక్షణ బిగించారు. ఈసారి తిరస్కరణలు పెరిగాయి. ఉన్న కొరతను ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదకి మార్చడమే ఈ మీటలు చేసే పని. కొరత అలాగే ఉంటుంది.

మూడోది, బస్ స్టేషన్‌కి వెళ్లేవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వడం. ఆలోచన సరైన దిశలోదే. అమలులో బెడిసింది. స్టేషన్ అని బుక్ చేస్తే వ్యాన్ త్వరగా వస్తుందని తెలిశాక, దారిలో దిగాల్సినవాళ్లు కూడా స్టేషన్ అనే బుక్ చేసి మధ్యలో దిగడం మొదలుపెట్టారు. వాళ్లని తప్పుపట్టలేం. వ్యాన్ ఎలా దొరుకుతుందో తెలుసుకుని అలా అడిగారు, అంతే. కానీ కాల్స్ తీసుకుని వ్యాన్లని పంపే డిస్పాచ్‌లో కూర్చునే ఆమెకి ఏ బుకింగ్ నిజమో తెలియక తలనొప్పి అయింది. మెయిన్ బస్సు టైమ్ మాత్రం ఇప్పటికీ వ్యాన్ లెక్కలో లేదు. ప్రాధాన్యం ఇచ్చినా, బస్సు వెళ్లిన రెండు నిమిషాలకే చేర్చగలదు.

ఇంటి గుమ్మం దగ్గర కాకుండా వీధి మలుపు దగ్గర ఎక్కించుకోవడం కూడా ఈ దశలోనే మొదలైంది. మూసుకుపోయిన వీధుల్లోకి వెళ్లి వెనక్కి తిరిగే సమయం మిగిలింది. ఇది పనిచేసింది, ఉంచాం. నడవలేనివాళ్లకి గుమ్మం దగ్గరికే వ్యాన్ వెళ్లాలని మినహాయింపు పెట్టించాం. సర్టిఫికెట్ అడగవద్దని, ఫోన్‌లో చెప్పిన మాట చాలని పట్టుబట్టాం. కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయం సంస్థలో ఉంది. ఆ నష్టం కొన్ని నిమిషాలే. మోకాళ్ల నొప్పితో ఉన్న మనిషిని కాగితాల కోసం తిప్పడం వల్ల జరిగే నష్టం అంతకంటే చాలా పెద్దది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పనిచేసింది

ఇక్కడ మేం ప్రశ్నను తిప్పి అడిగాం. ఎక్కడి నుంచి ఎక్కడికైనా, ఎప్పుడైనా అన్న వాగ్దానంలో రెండు స్వేచ్ఛలున్నాయి: చోటుది, సమయానిది. రెంటినీ ఒకేసారి ఇవ్వడానికి మూడు వ్యాన్లు చాలవు. ఒకటి వదులుకోవాలంటే ఏది? ప్రయాణాల లిస్టు తీసి చూస్తే చాలావరకు ఒక చివర బస్ స్టేషనే. వాళ్లందరి సమయాన్నీ మెయిన్ బస్సు ముందే నిర్ణయించేసింది. పన్నెండూ ఐదుకి బస్సు ఉన్న మనిషికి, పన్నెండుంబావుకి కూడా వ్యాన్ దొరుకుతుందన్న స్వేచ్ఛతో పనేముంది? కాబట్టి స్టేషన్ దగ్గర సమయాన్ని బిగించి, జోన్ లోపల దారిని వదిలేయాలని నిర్ణయించాం.

లెక్క ఇలా వేశాం. సిటీ నుంచి బస్సు గంట కొట్టగానే వస్తుంది, ఐదు నిమిషాలకు తిరిగి బయల్దేరుతుంది. వ్యాన్ బస్సు వచ్చేసరికి స్టేషన్‌లో ఉండాలి, బస్సు దిగినవాళ్లని తీసుకుని ఆరో నిమిషానికి కదలాలి. మళ్లీ అరగంట బస్సుకి తిరిగి చేరాలి. అంటే తిరగడానికి ఇరవై నాలుగు నిమిషాలు. జోన్‌లోకి వెళ్లి రావడానికే పన్నెండు నిమిషాలు పోతాయి. మిగిలిన పన్నెండులో ఒక్కో ఆగుడికి, దాని కోసం పక్కకి మళ్లడానికి రెండేసి నిమిషాలు వేసుకుంటే ఆరు చోట్ల ఆగవచ్చు. మొత్తం జోన్‌కి ఇది చాలదు, సగానికి సరిపోతుంది. అందుకని జోన్‌ని రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక వ్యాన్ ఇచ్చాం. మూడో వ్యాన్ సంగతి తర్వాత చెబుతాను. రాత్రి మెయిన్ బస్సు గంటకొకటే కాబట్టి యాభై నాలుగు నిమిషాలు చేతిలో ఉంటాయి, ఒక్క వ్యానే రెండు ముక్కలూ చుట్టి రాగలదు. రాత్రి గంటల్లో అలా ఒక వ్యాన్ మిగిలింది.

ఆరు ఆగుళ్లకి మించి బుకింగులు వస్తే? ఇక్కడ గట్టి చర్చ జరిగింది. ఎలాగోలా సర్దమని ఆపరేటర్ అన్నాడు. వద్దన్నాం. ఏడోవాడిని ఎక్కించుకుంటే మిగతా ఆరుగురికీ బస్సు తప్పే ప్రమాదం ఉంది. ఏడో మనిషికి బుక్ చేసేటప్పుడే తర్వాతి వ్యాన్ టైమ్ చెప్పాలి. కాదనడం కష్టమే. కానీ ఇంట్లో ఉండగా కాదన్న మాట విని ఇంకో ఏర్పాటు చేసుకోవచ్చు. బస్సు తప్పిపోయి స్టేషన్‌లో నిలబడ్డ మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇలా మార్చాక మేం ఊహించినదానికంటే ఎక్కువగా కలిసొచ్చిన సంగతి ఒకటుంది. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు అసలు బుకింగే అక్కర్లేకుండా పోయింది. బస్సు దిగినవాళ్లు ఎదురుగా ఉన్న వ్యాన్ ఎక్కి, దిగే చోటు డ్రైవర్‌కి చెబుతారు. అందరూ ఒకేసారి ఎక్కుతారు కాబట్టి, వెతికి కలపాల్సిన పని లేకుండా వాళ్లంతట వాళ్లే కలిసిపోతారు. ఏ వరసలో దింపాలో ఆ వీధులు తెలిసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కంటే బాగా చూసుకున్నాడు. ఫోన్ లైన్ మీద భారం తగ్గింది, దాంతో ఇంటి నుంచి బయల్దేరేవాళ్ల కాల్స్ తీసుకోవడానికి డిస్పాచ్‌కి తీరిక దొరికింది.

రెండో మార్పు, వ్యాన్‌లో ఉండకూడని డిమాండ్‌ని బయటికి తీయడం. గోడౌన్ల షిఫ్టులు, కాలేజీ వేళలు రోజూ ఒకటే. ఒకే చోటికి, ఒకే సమయానికి, ఒకేసారి పదిమంది వెళ్తుంటే అది ఆన్-డిమాండ్ కాదు, బస్సు రూటు. బుకింగుల మ్యాప్ చూస్తే ఆ గీత కళ్లకు కట్టినట్టు ఉంది. పరీక్షగా పెట్టిన నాలుగో వ్యాన్‌ని రోజంతా తిప్పకుండా, ఆ వేళల్లో మాత్రమే స్టేషన్, కాలేజీ, గోడౌన్ల మధ్య ఫిక్స్‌డ్ టైమ్‌కి నడిపాం. బుకింగ్ లేదు, స్టాపులు ఖాయం. ఆన్-డిమాండ్ సర్వీసు ఇచ్చే గొప్ప లాభాల్లో ఇదొకటి అనుకుంటాను: ఎక్కడ మామూలు బస్సు నిలబడుతుందో అది ఎత్తి చూపిస్తుంది. ఫ్లెక్సిబుల్ సర్వీసు ఒకసారి పెట్టాక అంతా ఫ్లెక్సిబుల్‌గానే ఉండాలన్న పంతం సంస్థలో కొందరికి ఉండేది. రద్దీ వేళ తిరస్కరణలు తగ్గడం చూశాక ఆ వాదన వెనక్కి తగ్గింది.

మూడో వ్యాన్‌ని ఆసుపత్రికీ, జోన్ లోపలి ప్రయాణాలకూ వదిలాం. డయాలసిస్ చేయించుకునేవాళ్లు సాధారణంగా వారానికి మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి మెషీన్ మీద దాదాపు నాలుగు గంటలు. వాళ్లు ప్రతిసారీ యాప్‌లో బుక్ చేసుకోవాల్సి రావడం అన్యాయం. ఒక్కసారి చెబితే ప్రతి వారం దానంతట అదే నమోదయ్యేలా స్టాండింగ్ బుకింగ్ పెట్టాం. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. చికిత్స అయ్యాక బీపీ పడిపోవచ్చు, సూది గుచ్చిన చోట రక్తం ఆగడానికి సమయం పట్టవచ్చు. మూడింటికి తయారవుతారని రాసుకున్న మనిషి మూడున్నరకి గానీ బయటికి రాకపోవచ్చు. పాత పద్ధతిలో వ్యాన్ మూడింటికి వచ్చి, కాసేపు చూసి, రాలేదని నమోదు చేసి వెళ్లిపోయేది. అలాంటివి కొన్ని పడితే బుకింగ్ హక్కు ఆగిపోతుంది. జబ్బుతో ఉన్నవాళ్లకి ఇది శిక్ష వేయడమే. మార్చిన పద్ధతిలో తిరుగు ప్రయాణానికి టైమే రాయం. తయారయ్యాక నర్సు డిస్పాచ్‌కి ఫోన్ చేస్తుంది, అప్పుడు వ్యాన్ బయల్దేరుతుంది. ఇంతమాత్రం స్వేచ్ఛ ఇవ్వాలంటే ఒక వ్యాన్ కొంత ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీని వృథా కింద లెక్కగట్టవద్దని బోర్డుకి రాతపూర్వకంగా చెప్పాం.

నాలుగోది హామీ. వ్యాన్ వల్ల మెయిన్ బస్సు తప్పితే సంస్థే టాక్సీ పెట్టి పంపాలి. ఖర్చు ఎక్కువవుతుందని భయపడ్డారు. కానీ అది తప్పు జరిగినప్పుడే వచ్చే ఖర్చు, తప్పు తగ్గితే తగ్గుతుంది. అంతకుముందు ఆ ఖర్చును ప్రయాణికుడు తన సమయంతో కడుతున్నాడు, సంస్థ లెక్కల్లో కనిపించేది కాదు, అంతే తేడా. హామీ వచ్చాక వ్యాన్ల విభాగం, బస్సుల విభాగం మాట్లాడుకోవడం మొదలైంది. వ్యాన్ ఒకటి రెండు నిమిషాల దూరంలో ఉంటే వ్యాన్ డ్రైవర్ బస్సు డ్రైవర్‌కి రేడియోలో చెబుతాడు, బస్సు ఆగుతుంది. ఎంతవరకు ఆగాలో కూడా నిర్ణయించాం. పగలు తక్కువ, ఎందుకంటే బస్సులో ఉన్నవాళ్లకి ముందు ఇంకో కనెక్షన్ ఉండవచ్చు. చివరి బస్సు మాత్రం వ్యాన్ వచ్చేదాకా కదలదు.

కాంట్రాక్టు కూడా మార్చాల్సి వచ్చింది. ట్రిప్పుకి ఇంత అని చెల్లిస్తే ఆపరేటర్‌కి చిన్న చిన్న సులువైన ప్రయాణాలు లాభం, చివరి వీధి నుంచి వీల్‌చెయిర్‌తో వచ్చే మనిషి నష్టం. డ్రైవర్లు ఎంత మంచివాళ్లైనా లెక్కలు చూసే ఆఫీసు ఆ వైపే లాగుతుంది. వ్యాన్ నడిచిన గంటలకి చెల్లింపు, దాని మీద అందిన కనెక్షన్లను బట్టి కొంత ప్రోత్సాహకం అని తిరగరాశాం. రిపోర్టు మొదటి పేజీలోంచి సగటు వెయిటింగ్ టైమ్ తీసేసి, తప్పిన కనెక్షన్లు, బుకింగ్‌గా మారని విచారణలు పెట్టాం.

కొన్ని నెలలకి వ్యాన్ వల్ల బస్సు తప్పడం అరుదైపోయింది, తప్పితే ఎందుకు తప్పిందో విడిగా చర్చించేంత అరుదు. షిఫ్టుకి వెళ్లే ఆయన ఇప్పుడు యాప్ తెరవడం లేదు. రోజూ ఒకే వ్యాన్‌కి స్టాండింగ్ బుకింగ్ పెట్టుకున్నాడు.

పోగొట్టుకున్నది

అందరికీ మేలు జరగలేదు. జోన్ లోపలే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేవాళ్లకి సర్వీసు ముందుకంటే తగ్గింది. వాళ్లకి ఒక్క వ్యానే ఉంది, దానిమీద ఆసుపత్రికి మొదటి హక్కు. స్నేహితురాలిని చూడటానికి వెళ్లే ఒక పెద్దావిడ "మాకోసమే అన్నారు కదా ఈ వ్యాన్, ఇప్పుడు ముందురోజే చెప్పాలంటున్నారు" అని బాధపడింది. ఆమె బాధ న్యాయమైనది. ఆ ప్రయాణం ఆమెకి ఆసుపత్రి ప్రయాణం కంటే తక్కువదేం కాదు. ఉన్న వ్యాన్లతో రెండూ కుదరవని తేలినప్పుడు, బస్సు తప్పితే ఉద్యోగమో చికిత్సో పోయే మనిషిని ముందు పెట్టాం. ఈ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్ సెట్టింగుల వెనక దాచకుండా, బోర్డు మీటింగ్‌లో పేరు పెట్టి తీసుకునేలా చూశాం.

జోన్ చివర ఉన్న రెండు మూడు వీధులు ఇరవై నాలుగు నిమిషాల్లో ఇమడవు. వాటికి పగలు ఒక వ్యాన్ వదిలి ఒక వ్యాన్, అంటే గంటకొకసారి. గంటకొకటైనా ఖాయంగా వస్తుంది కాబట్టి అక్కడి నుంచి ఫిర్యాదులు తక్కువ. మేం భయపడినంత గొడవ జరగలేదు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఇక్కడ పనిచేసింది ప్రతిచోటా పనిచేస్తుందని నేను అనను. అమెరికాలోని నార్త్ కరోలినాలో విల్సన్ అనే ఊరు 2020లో తన ఫిక్స్‌డ్ రూటు బస్సులన్నీ తీసేసి ఆన్-డిమాండ్ వ్యాన్లు పెట్టింది, అక్కడ ప్రయాణాలు పెరిగాయి. ఆ సర్వీసులో ప్రయాణం ఊళ్లోనే మొదలై ఊళ్లోనే ముగుస్తుంది. అందించాల్సిన మెయిన్ లైన్ లేనప్పుడు సమయాన్ని బిగించాల్సిన అవసరం కూడా అంతగా ఉండదు. మా జోన్ అలాంటిది కాదు, దాని బతుకంతా ఒక బస్ స్టేషన్ మీద ఆధారపడి ఉంది. అందుకే ఎవరైనా ఇలాంటి సర్వీసు గురించి సలహా అడిగితే, ఏ యాప్, ఎన్ని వ్యాన్లు అన్నదానికంటే ముందు, ఎక్కినవాళ్లలో ఎంతమందికి ఇంకో బస్సో రైలో అందుకోవాల్సి ఉందో కనుక్కోమంటాను. ఎక్కువమందికి ఉంటే మెయిన్ లైన్ టైమ్‌టేబుల్ నుంచే వ్యాన్ టైమ్‌టేబుల్ పుట్టాలి. మెయిన్ లైన్ బస్సు టైమ్ ఐదు నిమిషాలు మారినా వ్యాన్ల విభాగానికి ముందే తెలియాలి. ఇక్కడ అలా ఒకసారి తెలియకుండా మార్చినప్పుడు వారంపాటు కనెక్షన్లు దెబ్బతిన్నాయి. ఇప్పుడు రెండు టైమ్‌టేబుళ్ల మీదా ఒకే అధికారి సంతకం ఉండాలన్న నియమం ఉంది.

గంటకి ఎంతమందిని మోయగలమో ముందే కాగితం మీద వేసి, దాన్ని దాటే రోజు వస్తే ఏం చేస్తామో సర్వీసు మొదలవ్వకముందే రాసిపెట్టుకోవాలి. ఆ రోజు వచ్చాక రాయడం కష్టం. అప్పటికి ప్రతి నిమిషానికీ ఒక మనిషి అలవాటు పడిపోయి ఉంటాడు, తీసుకున్నది వెనక్కి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఇక కాంట్రాక్టు రాసేవాళ్లకి: యాప్ తెరిచి బుక్ చేయకుండా వెళ్లిపోయినవాళ్ల లాగ్, ఫోన్ ఎత్తకముందే పెట్టేసిన కాల్స్ లెక్క, వ్యాన్ల జీపీఎస్ రికార్డు, ఈ మూడూ రవాణా సంస్థ సొత్తని, అడిగిన వెంటనే పూర్తిగా ఇవ్వాలని మొదటి రోజే రాయించుకోండి. ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు, సమయం, చోటు చాలు. మా దగ్గర ఆ డేటా ఆపరేటర్ మంచితనం వల్ల వచ్చింది. ఇవ్వనని భీష్మించి ఉంటే, సగటు వెయిటింగ్ టైమ్ బాగుందన్న రిపోర్టు మీదే ఐదో వ్యాన్ కొనేవాళ్లు.